యాసకు దండం

నీకు దండం, మాటల్లేని తెలుగు పాటా.

2004లో న్యూయార్క్‌లోని ‘పై రికార్డింగ్స్’ అనే చిన్న లేబుల్ ‘మదర్ టంగ్’ అని ఒక ఆల్బమ్ విడుదల చేసింది. అందులో నీ పేరు ‘తెలుగు’. నీకు అటూ ఇటూ కన్నడం, గుజరాతీ, కొంకణి, తమిళం, మలయాళం. ఇంగ్లీషుకీ ఒక చోటుంది. ఒక్కో భాషకు ఒక్కో బాణీ, ఏ బాణీలోనూ పలుకు లేదు. రుద్రేశ్ మహంతప్ప ఆల్టో శాక్సోఫోన్ ఊదాడు. విజయ్ అయ్యర్ పియానో ముందు కూర్చున్నాడు. ఫ్రాన్స్వా ముతాన్ బాస్ పట్టాడు, ఎలియట్ హంబెర్తో కవీ డ్రమ్స్ వాయించాడు. నలుగురిలో ఒక్కడూ తెలుగువాడు కాడు. అయినా నిన్ను తెలుగు అని పిలిచారు. ఇక్కడ, మహారాష్ట్ర చివరన బొగ్గుదుమ్ములో, చంద్రపూర్‌లో ఉండి నేను పలికాను.

నువ్వు పుట్టిన తీరే వేరు. అమెరికాలో పెరిగే మన పిల్లల్ని అక్కడివాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: నువ్వు ఇండియన్ మాట్లాడతావా? ఇంకొందరు, హిందూ మాట్లాడతావా అంటారు. ఆ పేర్లతో భాషలే లేవు. కొలరాడోలోని బౌల్డర్‌లో, భౌతికశాస్త్రం బోధించే తండ్రి ఇంట్లో పెరిగిన మహంతప్ప ఆ ప్రశ్ననే ముడిసరుకు చేసుకున్నాడు. అమెరికాలోని భారతీయుల్ని అడిగి, ఎవరి భాషలో వాళ్ళు ఇచ్చిన జవాబులు విన్నాడు. మాట ఎక్కడ లేచిందో, ఎక్కడ వాలిందో, ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో స్వరాలుగా రాసుకున్నాడు. అర్థాన్ని పక్కన పెట్టి ఆ ఎత్తుపల్లాల మీద బాణీ కట్టాడు. ఎవరో ఒక తెలుగు మనిషి, కృష్ణా వైపో కరీంనగర్ వైపో, విసుగ్గానో నవ్వుతూనో చెప్పిన జవాబు నీ వెన్నెముక. ఆ మనిషెవరో మనకు తెలియనక్కర్లేదు. మనందరి తరఫునా జవాబు చెప్పేసి వెళ్ళిపోయాడు, లేదా వెళ్ళిపోయింది.

చంద్రపూర్‌లో ఆ ప్రశ్న వేరే వేషంలో వస్తుంది. ఇక్కడ మమ్మల్ని మద్రాసీలంటారు. కాస్త తెలిసినవాళ్ళు తెలంగీలంటారు. మద్రాసు ముఖం చూడని మద్రాసీలం మేం. దుర్గాపూర్, లాల్‌పేఠ్, ఘుగ్ఘుస్, బల్లార్పూర్, వార్ధా నది దాటితే సాస్తి: బొగ్గు ఎక్కడ బయటపడితే అక్కడికి తెలుగు నడిచొచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన తాతలు తట్టలు మోశారు. 1973లో బొగ్గుగనులు జాతీయమయ్యాయి, రెండేళ్ళకు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది, కొడుకులు కంపెనీ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు, మనవలు మరాఠీ బడికి వెళ్ళారు. రాజురా సంగతి మరీ విచిత్రం. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా తాలూకా. అక్కడ మనుషులు ఎక్కడికీ కదల్లేదు, మ్యాపులో గీతే కదిలింది.

ఈ ఊళ్ళో తెలుగు ఎలా అరుగుతుందో చాలాకాలంగా వింటున్నాను. ముందు వస్తువుల పేర్లు పోతాయి. బాయి ఖదాన్ అవుతుంది, షిఫ్టు పాళీ అవుతుంది, కూర భాజీ అవుతుంది. తర్వాత వావివరసలు పల్చబడతాయి, బాబాయి కాకా అవుతాడు. ఆ తర్వాత క్రియలు. చివరికి అవ్వ తెలుగులో తిడుతుంది, మనవడు మరాఠీలో బతిమాలుకుంటాడు. కానీ ఆ మరాఠీ విన్నారా? వాక్యం చివర అచ్చును పట్టుకుని సాగదీస్తాడు. ప్రశ్న అడిగితే మధ్యలో గొంతు పైకి లేపి, కొసను మెల్లగా కిందికి దించుతాడు. జట్‌పురా గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు మంచి మరాఠీలో వాదించుకుంటుంటే వెనక నిలబడి, వీడి అమ్మమ్మది మంచిర్యాల వైపు అని చెప్పొచ్చు. మాట ముందే పోతుంది, యాస మాత్రం ఇల్లు ఖాళీ చేయనంటుంది.

కాబట్టి, పలుకు లేని పాటా, నువ్వు మాకు పరాయిదానివి కావు. మాటలు రాలిపోయాక మిగిలే తెలుగును నువ్వు ముందే వాయించిపెట్టావు. నిన్ను కట్టినవాడు చంద్రపూర్ పేరు విని ఉండకపోవచ్చు. మా మీద ఉన్న ఒకే ఒక్క జాజ్ పాట నువ్వేనని నేను మొండిగా అంటాను, కాదనేవాళ్ళు ఇంకొకటి తెచ్చి చూపించాలి.

చిన్న లేబులా, నీకూ దండం. 2001లో సెత్ రోస్నర్ నిన్ను మొదలుపెట్టాడు, తర్వాత యులున్ వాంగ్ చేయి కలిపాడు. మొదటి అడుగే తెగింపు: హెన్రీ థ్రెడ్‌గిల్ ఆల్బమ్‌లు రెండు ఒకేసారి. అమ్ముడుపోయే సంగీతం కాదది. ఏ పెద్ద కంపెనీ లెక్కల గుమాస్తా అయినా ఆ కాగితం చూసి చెమటలు కక్కేవాడు. నువ్వు కక్కలేదు. ఏడాదికి కొన్నే ఆల్బమ్‌లు వేశావు, వేసినవాటి వెనక నిలబడ్డావు. అదే థ్రెడ్‌గిల్ నీ దగ్గర చేసిన ‘ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్’ 2016లో పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. బహుమతి వచ్చిందని నిన్ను పొగడటం లేదు. రానన్నాళ్ళూ అదే పని చేశావు, అందుకు.

ఇలాంటి లేబుళ్ళకు హోర్డింగులు ఉండవు, సినిమా ఉండదు, రోజంతా పాట తిప్పే రేడియో ఉండదు. సమీక్షే దండోరా. పత్రికలో ఎవరో రాసిన మూడు పేరాలు చదివి, ఇంకో దేశంలో ఇంకొకడు డిస్క్ తెప్పించుకుంటాడు. పెద్ద సినిమాను విమర్శకుడు తిట్టినా పొగిడినా దానికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. చిన్న లేబుల్ ఆల్బమ్‌ను ఒకడు సరిగా వినకుండా రాస్తే, అది కొన్నాళ్ళపాటు లోకంలో లేనట్టే.

కొన్నిసార్లు సమీక్ష లేబుల్ నుదుటిరాత కూడా రాస్తుంది. మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐషర్ 1969లో ప్రారంభించిన ఈసీఎం గురించి, 1971లో కెనడా పత్రిక ‘కోడా’లో ఒక సమీక్షకుడు, నిశ్శబ్దం తర్వాత అంత అందమైన ధ్వని ఇదేనని అర్థం వచ్చే మాట రాశాడు. లేబుల్ ఆ మాటను తీసి నినాదంగా పెట్టుకుంది. ఇప్పటికీ ఈసీఎం అనగానే అదే గుర్తొస్తుంది. జాకీర్ హుస్సేన్, హరిప్రసాద్ చౌరాసియా, జాన్ మెక్‌లాఫ్లిన్, యాన్ గార్బరెక్ కలిసి చేసిన 1987 నాటి ‘మేకింగ్ మ్యూజిక్’ ఆ లేబుల్‌దే. చక్కని ఆల్బమ్. కానీ నాకెప్పుడూ ఒక అనుమానం: ఆ ఒక్క పొగడ్త తర్వాత ఎంతమంది వాయిద్యగాళ్ళు ఆ పొగడ్తకు తగ్గట్టు వాయించడం మొదలుపెట్టారో అని. ఈసీఎం డిస్కులు కొన్ని క్షణాల నిశ్శబ్దంతో మొదలవుతాయి. చంద్రపూర్‌లో ఆ క్షణాల్లోకి బల్లార్షా వైపు వెళ్ళే బొగ్గు రైలు చక్రాలు దూరతాయి, కూలర్ పంపు గరగర దూరుతుంది. మే నెలలో 46 డిగ్రీలు దాటే ఊళ్ళో కూలర్ ఆపి జాజ్ వినే భక్తి నాకు లేదు. మ్యూనిక్ నిశ్శబ్దం మ్యూనిక్‌లోనే ఉండనీ. ఇక్కడ పాట చప్పుడుతో కుస్తీ పట్టి గెలవాలి. మహంతప్ప ఆల్టో గెలుస్తుంది. దాని గొంతులో గీర ఉంది, అంచు ఉంది, నలుగురున్న ఇంట్లో తన మాట వినిపించుకోవడం తెలిసిన గొంతు.

విమర్శకులారా, మీకూ దండం పెట్టాలి, కానీ చెయ్యి సగంలో ఆగుతోంది.

1961 నవంబరు సంగతి. ఆ నెలలోనే జాన్ కోల్ట్రేన్ న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ‘ఇండియా’ అనే పాట వాయించి రికార్డు చేశాడు. ఆ నెలలోనే ‘డౌన్‌బీట్’ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల సంగీతానికి జాజ్ వ్యతిరేకి అని ముద్ర కొట్టాడు. ఒకే నెల. ఒకచోట దారి వేస్తున్నారు, ఇంకోచోట దారి లేదని బోర్డు రాస్తున్నారు. కోల్ట్రేన్, డాల్ఫీ ఇద్దరూ మరుసటి ఏడాది అదే పత్రికలో కూర్చుని ఓపిగ్గా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. టైనన్‌ను వెక్కిరించడం ఇప్పుడు సులువు. అతనికి నచ్చలేదు, నచ్చలేదనే రాశాడు, అందులో దొంగతనం లేదు. నచ్చకపోయినా నచ్చినట్టు నాలుగు చుక్కలు పెట్టి చేతులు దులుపుకునేవాడి కంటే అతను నయం. డౌన్‌బీట్ చుక్కల సంగతి జాజ్ వినేవాళ్ళందరికీ తెలిసిందే, అయిదుకి ఎన్ని అని. నేను చుక్కల్ని నమ్మను. కోపాన్ని నమ్ముతాను.

అదే డౌన్‌బీట్ విమర్శకుల ఓటింగులో 2011 నుంచి మహంతప్ప పలుమార్లు ఉత్తమ ఆల్టో వాద్యకారుడయ్యాడు. 2012లో విజయ్ అయ్యర్ ఒకే ఏడాది ఐదు విభాగాలు గెలిచాడు. ఆ గెలుపు తెచ్చిన ‘యాక్సెలరాండో’ కూడా స్వతంత్ర లేబుల్‌దే, జర్మనీలో సిగ్గీ లోఖ్ 1992లో స్థాపించిన ‘ఆక్ట్’ది. గ్యారీ గిడిన్స్ లాంటి పెద్ద విమర్శకుడు 2009లో ‘న్యూయార్కర్’ పత్రికలో మహంతప్ప మీద వ్యాసం రాశాడు. కాబట్టి వీళ్ళను ఎవరూ పట్టించుకోలేదని ఏడవడానికి లేదు. పట్టించుకున్నారు. పొగిడారు. నా పేచీ పొగడ్తలతోనే.

పొగడ్తలు రెండు దారుల్లో వెళ్తాయి. మొదటి దారి లెక్కలది: ఈ తాళం ఇన్ని మాత్రలు, ఈ ఎత్తుగడ ఇంత క్లిష్టం, అయ్యర్ భౌతికశాస్త్రం చదివాడు, అందుకే పియానో ఇలా మోగుతోంది. రెండో దారి మేళాది: తూర్పూ పడమరా కలుసుకున్నాయి. చైత్రమాసంలో మా మహాకాళి గుడి జాతరకు నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ జనం వస్తారు. మరాఠీ పాటా తెలుగు పాటా ఒకే వరసలో నడుస్తాయి, హల్గీ డప్పు రెండిటికీ ఒకటే దెబ్బ వేస్తుంది. ఏ దిక్కు ఏ దిక్కుతో కలిసిందని అక్కడ ఎవరూ ప్రకటన చేయరు, ఎండకు నీళ్ళెక్కడున్నాయని అడుగుతారు. న్యూయార్క్‌లో నలుగురు వాయించుకుంటే మాత్రం దిక్కులు కలిశాయంటారు. వాయించే మనిషి పుట్టుకతోనే రెండు వైపులా ఉన్నాడన్న సంగతి ఆ మాటలో మునిగిపోతుంది. లెక్కల దారిలో వెళ్ళినవాళ్ళు నాకు చాలా నేర్పారు, ఒప్పుకుంటాను. చార్లీ పార్కర్ నుంచి బంకీ గ్రీన్ మీదుగా ఈ ఆల్టో దాకా వచ్చిన వంశవృక్షం వాళ్ళు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ ‘మదర్ టంగ్’ లాంటి ఆల్బమ్ ముందు కూర్చుని, మూలంలో ఉన్న గొంతుల్ని వదిలేసి మాత్రలు లెక్కపెట్టడమంటే, పెళ్ళికి వెళ్ళి పందిరి గుంజలు లెక్కపెట్టి రావడమే.

ఇక నా తీర్పు. నీకు దండం పెట్టాను కదా అని నీ లోపం దాచను, పాటా. నీ అక్కచెల్లెళ్ళతో పక్కపక్కన పెట్టి వింటే నీకూ తమిళానికీ, తమిళానికీ మలయాళానికీ తేడా పట్టుకోవడం కష్టం. ప్రతి భాషా ఆల్టోలోకి దిగగానే ఆల్టో యాస పెట్టేసుకుంటుంది. ఆ యాస చికాగోలో, న్యూయార్క్‌లో తయారైంది. అది వేగం పెంచుతుంది, నొక్కులు ఎక్కువ వేస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు. తెలుగు మాట ఆగుతుంది. ముఖ్యంగా మా వైపు తెలుగు, ‘మరి’ అని ఆగుతుంది, ఎదుటివాడి ముఖం చూస్తుంది, తర్వాత కదులుతుంది. ఆ చూపు నీలో లేదు. డ్రమ్స్ తరుముకొస్తుంటే చూసే తీరిక ఎవరికుంటుంది? ఆల్బమ్ మొత్తం ఒకే వేడి మీద ఉడుకుతుంది, ఒక్కచోటైనా మంట తగ్గిస్తే బావుండేదని నాకు అనిపిస్తుంది. ఇది చిన్న లోపం కాదు. అయినా నిన్నే మళ్ళీ మళ్ళీ వింటాను, ఎందుకంటే నువ్వు అడిగిన ప్రశ్న ఇంకే ఆల్బమ్ అడగలేదు.

ఆ మంట తగ్గించిన మనిషి నాలుగేళ్ళకు వచ్చింది. విజయనగరం నుంచి.

అవసరాల కన్యాకుమారి గారూ, మీకు నిలబడి దండం.

కథ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. మహంతప్ప బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివేటప్పుడు వాళ్ళన్న ఒక ఆల్బమ్ చేతిలో పెట్టాడు, వేళాకోళంగా. ‘శాక్సోఫోన్ ఇండియన్ స్టైల్’ అని దాని పేరు, వాయించినది కద్రి గోపాల్‌నాథ్. వేళాకోళం కాస్తా ఉపదేశమైంది. కద్రి గోపాల్‌నాథ్ మంగళూరు వైపు నాగస్వరం ఇంట్లో 1949లో పుట్టాడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ చూసి మనసు పారేసుకున్నాడు. దాని మీటలు స్వరాన్ని మెట్లుమెట్లుగా విడగొడతాయి. గమకానికి మెట్లు గిట్టవు, దానికి జారుడు కావాలి. వాద్యానికి మార్పులు చేసుకుని, దాదాపు ఇరవై ఏళ్ళు దాంతో పోట్లాడి, ఇత్తడి గొట్టంలో కల్యాణి పలికించాడు. 1980లో ముంబై జాజ్ యాత్రలో వాయించాడు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించాడు. అదే ఏడాది ‘డ్యూయెట్’ సినిమాలో ఆ శాక్సోఫోన్ విని తెలుగువాళ్ళు కూడా ఎవరిది అని అడిగారు. 2019 అక్టోబరులో వెళ్ళిపోయాడు.

2008లో పై రికార్డింగ్స్ ‘కిన్స్‌మెన్’ వేసింది. ఒక ఆల్టో మహంతప్పది, ఇంకో ఆల్టో కద్రి గోపాల్‌నాథ్‌ది. రెజ్ అబ్బాసీ గిటారు, కార్లో డి రోసా బాస్, రాయల్ హార్టిగన్ డ్రమ్స్, పూవలూర్ శ్రీజి మృదంగం. వయొలిన్ కన్యాకుమారి గారిది. సమీక్షలు రెండు శాక్సోఫోన్ల గురించే మాట్లాడతాయి, అది సహజమే. గురువూ ఏకలవ్యుడూ ఎదురెదురుగా నిలబడ్డ కథ ఎవరికి తీపి కాదు! వయొలిన్‌కు ఒక వాక్యం. కొన్నిచోట్ల కమా తర్వాత పేరు.

నా చెవికి ఆ ఆల్బమ్‌లో బంధుత్వం కలిపింది ఆ వయొలినే. రెండు ఆల్టోలూ ఒకే వాద్యం, రెండు ఊపిరులు. మహంతప్పది కొండ ఎక్కేవాడి ఊపిరి, కద్రిది కొండ మీద ఇల్లున్నవాడి ఊపిరి. ఒకరు స్వరాన్ని కోస్తే ఇంకొకరు వంచుతారు. పక్కపక్కనే వింటే పోటీలా ఉంటుంది, చప్పట్లు కూడా పోటీకే పడతాయి. వయొలిన్ వచ్చాక పోటీ మాటామంతీ అవుతుంది. ఆ అమ్మ కద్రి గోపాల్‌నాథ్‌తో ఎన్నో కచేరీలు చేసింది, ఆయన ఎక్కడ శ్వాస తీసుకుంటాడో ఆమె విల్లుకు తెలుసు. ఎం.ఎల్. వసంతకుమారి పక్కన దాదాపు రెండు దశాబ్దాలు కూర్చున్న విల్లు అది. పాడేవాళ్ళ వాక్యం పూర్తికాకముందే దాని కొస ఎటు వంగుతుందో పసిగట్టడం అక్కడే నేర్చి ఉంటుంది. పక్కవాద్యం అంటే అదే కదా: ఎదుటివాళ్ళ యాసను తన చేతుల్లోకి ఎక్కించుకోవడం, ఎక్కించుకున్నాక మళ్ళీ తన మాట చెప్పడం.

తెలుగునేల మీద ఆ మాటకు ఒక ఊరుంది. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ అక్కడే దేశానికంతటికీ వినిపించేంత ఎదిగింది. దొరల ఓడల్లో వచ్చిన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని తెలుగు కృతులు పలికించిన ఊరు అది. కన్యాకుమారి గారి తొలి గురువు ఇవటూరి విజయేశ్వరరావు కూడా ఆ ఊరివారే. ఆ విద్య చెన్నైకి వెళ్ళింది, 2015లో పద్మశ్రీ తెచ్చుకుంది, 2016లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయింది. వయొలిన్ పట్టిన ఆడవాళ్ళలో ఆ బిరుదు అందుకున్న మొదటి మనిషి ఆమె. మధ్యలో ఒకసారి న్యూయార్క్ లేబుల్ మీదుగా వెళ్ళింది. ‘కల్యాణి’ అనే పాట ఉంది ఆ ఆల్బమ్‌లో, ‘గణేశ’ అని ఇంకోటి. పాటల మధ్య వాద్యకారుల పేర్లు పెట్టిన చిన్న చిన్న ఆలాపనలున్నాయి. ఎవరి గొంతు వాళ్ళది, ఎవరి తీరిక వాళ్ళది. ‘మదర్ టంగ్’లో దొరకని ఆగడం నాకు ఈ ఆలాపనల్లో దొరికింది. మాటకూ మాటకూ మధ్య ఎదుటివాడి ముఖం చూడటం. కిన్స్‌మెన్ మహంతప్ప ఆల్బమ్‌లలో అన్నిటికంటే పెద్దది, లెక్క తగ్గి నమ్మకం పెరిగిన చోట నిలబడింది కాబట్టి. నా మటుకు చుక్కలు పెట్టను, పెడితే అన్నీ ఆ విల్లు కొసకు కడతాను.

ఇంకో పక్కవాద్యానికి కూడా దండం, ఇది కాస్త పొట్టి దండం. 2007లో స్వాతంత్ర్యానికి అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా ఒక కచేరీ కోసం విజయ్ అయ్యర్, గిటారు ప్రసన్న, తబలా నితిన్ మిట్టా కలిశారు. ఆ ముగ్గురి ‘తీర్థ’ 2011లో ఆక్ట్ లేబుల్ మీద వచ్చింది. నితిన్ మిట్టా హైదరాబాద్‌లో పుట్టాడు, అక్కడే పండిట్ జి. సత్యనారాయణ దగ్గర చేతులు దిద్దుకున్నాడు. ప్రసన్న గిటారు కర్ణాటకం మాట్లాడుతుంది, తబలా హిందుస్తానీ మాట్లాడుతుంది, పియానో న్యూయార్క్ మాట్లాడుతుంది. ముగ్గురిలో తక్కువ మాట్లాడేది తబలా. అందరూ మాట్లాడాక ఒక్క ముక్క చెప్పి పంచాయితీ ముగించే హైదరాబాదీ తీరు అందులో ఉంది. బాస్ లేని ముగ్గురి జట్టులో బరువంతా ఎడమచేతి డగ్గా మీదే పడింది, అది ఒక్కసారీ మోత పెంచలేదు. ఈ ఆల్బమ్‌లో నాకు పేచీ పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. దొరకలేదన్నదే చిన్న పేచీ. మరీ మర్యాదగా ఉంది.

మర్యాద ఎక్కువైపోయి నష్టపోయిన ఆల్బమ్ ఇంకోటుంది, దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు వణుకుతుంది. మా చంద్రపూర్ పక్కనుంచి పోయే ఇరయీ నది వార్ధాలో కలుస్తుంది. వార్ధా వైనగంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. గోదావరి ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి చీలి పశ్చిమ డెల్టాకు వెళ్తుంది. ఆ కాలువల ఊరు పాలకొల్లు. అక్కడ 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో, ఇంకా పసివాడిగానే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ పట్టుకుని కూర్చున్నాడు. పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ లేబుల్ మీద 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ చేశాడు. అది జాజా కాదా అని తగువు పడటం దండగ. తగువు పడాల్సింది ఆ పొగమంచు గురించి. బ్రూక్ గిటారు, స్టూడియో మాయ కలిసి మాండొలిన్ చుట్టూ మెత్తటి తెరలు కట్టాయి. శ్రీనివాస్ మాండొలిన్‌కు తెరలు ఎందుకు? అది చెరువులో పడ్డ ఎండ. అంతకు ముందు ఏడాది అదే లేబుల్ వేసిన ‘రామ శ్రీరామ’ వినండి, తెర లేదు, మనిషీ తంతీ, అంతే. స్వతంత్ర లేబుల్ అయినంత మాత్రాన చెవి స్వతంత్రమైపోదని ‘డ్రీమ్’ చెప్తుంది. 2014 సెప్టెంబరులో నలభై అయిదేళ్ళకే శ్రీనివాస్ వెళ్ళిపోయాడు. ఆ మరణం తర్వాత ఈ ఆల్బమ్‌ను తప్పుపట్టే మనసు చాలామందికి రాలేదు. నాకు మాత్రం, అతని మీద ఉన్న ప్రేమే తప్పు పట్టిస్తోంది.

మా ఊరి థర్మల్ కేంద్రం 2920 మెగావాట్లది. ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. మా వీధికి మాత్రం ఎండాకాలం రాత్రుళ్ళు అప్పుడప్పుడూ రాదు. అలాంటి ఒక రాత్రి మంచాలు డాబా మీదికి ఎక్కాయి. పక్కింటి అవ్వ బెల్లంపల్లి వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. పెనిమిటి లాల్‌పేఠ్ బాయిలో పనిచేసి రిటైరయ్యి పోయాడు. ఆమెకు జాజ్ తెలియదు, సమీక్ష తెలియదు. అట్లాంటి వాళ్ళ నోట వేదవాక్కు పలికించడం రచయితలకు అలవాటు కాబట్టి ముందే చెప్తున్నాను, ఆమె వేదవాక్కు పలకలేదు. ఫోన్లో ‘తెలుగు’ పెట్టాను.

“గిదేంది బిడ్డా, ఎవలో పంచాయితి వెట్టుకున్నట్టున్నది.”

“ఏ భాషల అవ్వా?”

“ఏ భాషలేంది, మనదే గద. ఆఖర్ల గట్ల గుంజుతె మనదే.”

నా గుండె ఉబ్బింది. పరీక్షకని ‘కన్నడ’ పెట్టాను. “గిది గూడ మనదే” అంది. ‘మలయాళం’ పెట్టాను. అదీ మనదే. నేను పైన రాసిన లోపాన్ని అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది, నేనేమో దానికి పెద్ద పేరా తీసుకున్నాను. ఊదినోనికి దవడలు నొయ్యయా అని అడిగింది. నొస్తాయన్నాను. పైసలు మంచిగనే ఇస్తరా అంది. చిన్న కంపెనీ అవ్వా, ఎక్కువేం రావన్నాను. “మరెందుకు గంత తొందర?” అంది.

ఆఖరికి ‘కిన్స్‌మెన్’ పెట్టాను. చాలాసేపు ఏమీ అనలేదు, నిద్రపోయిందనుకున్నాను. వయొలిన్ వచ్చింది. అవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

“గీ ఫిడేలు ఆడిమనిషిది గదా?”

“ఎట్ల తెలిసె?”

“వాళ్ళిద్దరు చెప్పుకునుడే గని, ఇన్నది గామెనే. గామెను ముంగట కూసోవెట్టకపోయిరి.”

అప్పుడే కరెంటు వచ్చింది. అవ్వ మంచం మడిచి, కూలర్‌లో నీళ్ళు పొయ్యమని మనవణ్ణి మరాఠీలో కేకేసుకుంటూ కిందికి దిగింది, వాక్యం కొసను పొడుగ్గా గుంజుతూ.